నా చేత్తో రాసిన అతని పేరు

నాకు అక్షరాలు నలభై ఎనిమిదేళ్లకు వచ్చాయి. ఎందుకంత ఆలస్యమైందని ఎవరూ అడగరు. మా కాలంలో ఆడపిల్లలకు అది మామూలే. ఆ వయసులో ఎందుకు నేర్చుకున్నావని మాత్రం అడుగుతారు. బస్సు బోర్డులు చదవడానికని చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. అసలు కారణం ఒక వీడియో గేమ్. అరచేతిలో పట్టేంత మిషన్లో వింత జంతువుల్ని పెంచి, ఎదుటివాడి జంతువుల మీదికి పంపి కొట్టించే ఆట. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వండి. ముందుకు పోయాక నవ్వడానికి పెద్దగా ఏమీ ఉండదు.

తొంభైల చివరి సంవత్సరాలు అవి. అశోక్ నగర్‌లో ఒక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని మెస్ నడిపేదాన్ని. మా ఆయన పోయిన రెండో ఏడు మొదలుపెట్టాను. గవర్నమెంటు పరీక్షలకు చదవడానికి ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు ఇరవై మంది దాకా రెండు పూటలా నా దగ్గరే తినేవాళ్లు. పిల్లలంటున్నానే గాని అందరూ గడ్డాలు మీసాలు ఉన్నవాళ్లే. వాళ్లకు నేను మెస్ అక్కను. కూరగాయల వాళ్లకూ మెస్ అక్కనే, గ్యాస్ బండ తెచ్చేవాడికీ మెస్ అక్కనే. నాకు మా నాయన పెట్టిన పేరు ఒకటి ఉండేది. మా ఆయన పోయాక ఆ పేరుతో పిలిచే గొంతు ఈ పట్నంలో ఒక్కటీ లేదు. ఆ సంగతి నేను అప్పటిదాకా గమనించలేదు. ఎవరో అడిగినప్పుడే తెలిసింది.

అడిగినవాడు నా మెస్‌లో తినే ఒక తమ్ముడు. కరీంనగర్ దిక్కు ఊరు. ఇరవై నాలుగేళ్లుంటాయి. పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. మాట మెత్తన. తిన్న ప్లేటు తనే తీసుకుపోయి నీళ్లు పోసి పెట్టేవాడు. అతని పేరు ఇక్కడ రాయను. రాయాల్సినదానికంటే ఎక్కువే రాశాను ఒకప్పుడు.

దుబాయిలో ఉన్న అతని బావ ఆ మిషన్ పంపాడు. లోపల పెట్టే చిన్న అట్టపెట్టెలాంటి దాన్ని పిల్లలు క్యాసెట్ అనేవాళ్లు, ఆట అంతా అందులోనే ఉంటుంది. ఆటలో జంతువు ఊరికే పెరగదు. గడ్డిలో తిప్పుతూ ఉంటే అడవి జంతువులు ఎదురొస్తాయి, వాటిని పడగొట్టిన కొద్దీ మనదాని పక్కన ఉన్న అంకె ఒక్కొక్కటే పైకి పోతుంది. వేలసార్లు అదే బటన్, అదే గడ్డి. కోచింగ్‌కు పోయేవాడికి అంత తీరిక ఎక్కడిది? ఒకరోజు మిషన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అక్కా, అన్నం ఉడికేదాంక ఊకనే కూసుంటవ్ గదా. జర ఈ బటన్ ఒత్తుకుంట ఉండు."

అట్లా మొదలైంది. గంజి వార్చే ముందు పది నిమిషాలు, పప్పు మెత్తబడేదాకా అరగంట, మధ్యాహ్నం మెస్ మూసినాక రెండు గంటలు. పిండిచేతులు చెంగుకు తుడుచుకుని ఒత్తేదాన్ని. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, అక్షరాలే రావు. అందుకని జంతువుల్ని బొమ్మను బట్టి, అరుపును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఏ దెబ్బ కొట్టాలో నాలుగు వరసల్లో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మొదటి వరస నిప్పు, రెండోది కాటు, ఇట్లా వరసను బట్టి మనసులో పెట్టుకునేదాన్ని. నెల తిరిగేసరికి నిప్పుకు గడ్డి లొంగుతుందని, గడ్డికి నీళ్లు లొంగుతాయని, నీళ్లకు నిప్పు లొంగుతుందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఒకసారి ఆ తమ్ముడు ఓడిపోతున్న ఆటను నేను చేతిలోకి తీసుకుని గెలిపించాను. అందరి ముందరే అన్నాడు, నాకంటే అక్కకే ఎక్కువ ఎరుక అని. పాత ఆట తీసేసి, "నీ పేరు మీద కొత్తగ షురూ చేస్తున్న అక్కా. ఇగ ఈ క్యాసెట్ నీదే," అన్నాడు.

షురూ చేయగానే మిషన్ ఏదో అడిగింది. అతను నా వైపు చూసి అన్నాడు.

"ఆడేటోళ్ల పేరు అడుగుతుంది. నీ పేరేందక్కా?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. సిగ్గు కాదు. చాలా రోజులు మూసి ఉంచిన డబ్బా మూతలాగా బిగుసుకుపోయింది. చెప్పాను. అతను టకటకా ఒత్తి, తెర నా వైపు తిప్పి, ఇదేనక్కా అన్నాడు. ఆరు అక్షరాలు. వాటిని చూస్తూ గిన్నెలో ఎసరు పొంగబెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ప్రతి కొట్లాటకు ముందు ఆ ఆరు అక్షరాలు తెర మీదికి వచ్చేవి. నా కళ్లకు అవి బాగా అలవాటైపోయాయి. రోలు పక్కన గోడ మీద బొగ్గుతో వాటిని చూసి గీయడం మొదలుపెట్టాను. మొదట్లో వంకరగా పోయేవి, రెండు నెలలకు గీత నిలబడింది. అప్పటిదాకా ఎక్కడైనా బొటనవేలి ముద్రే నాది. ఇక వేలు సిరాలో ముంచే పని లేదనుకున్నాను. ఆ తమ్ముడు మంచినీళ్ల బిందె దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ గోడ చూసేవాడు. ఒకసారి, మంచిగ రాసినవక్కా అని కూడా అన్నాడు. మిగతా పిల్లలూ చూశారు. చదువుకున్నవాళ్లే అందరూ. ఒక్కరూ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో తర్వాత తెలిసింది.

ఇక ఆట సంగతి. ఒక్కొక్కరికి ఆరు జంతువులు. ఎదురెదురుగా కూర్చుని రెండు మిషన్ల మధ్య వైరు పెట్టి ఆడతారు. మెస్ పిల్లలందరూ ఒకటే మాట చెప్పేవాళ్లు, ఆరింటిలో ఒకటి మందపు తోలుది ఉండాలి, దెబ్బలు కాస్తుంది, ఒకటి మందు వేసేది ఉండాలి, ఒకటి ఎదుటిదాన్ని నిద్రపుచ్చేది ఉండాలని. నా దగ్గర ఒక నీళ్లదున్న ఉండేది, కొండంత. ఎన్ని దెబ్బలు తిన్నా పడేది కాదు. అందరూ దాన్ని మెచ్చుకునేవాళ్లు. నేను దాన్ని తీసేశాను.

ఎందుకంటే ఇరవై మంది ఆకలితో ఒకేసారి పీటల మీద కూర్చుంటే మెస్ నడిపేవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. మొదటి గరిటె ఆలస్యమైతే ఆ పూట ఇక చేతికి రాదు. ఒకడు నీళ్లంటాడు, ఒకడు ఉప్పంటాడు, ఒకడు లేచిపోతాడు. ముందు మన చెయ్యి పడాలి. ఇంకో కారణం కూడా ఉంది, అది అప్పుడు ఎవరికీ చెప్పలేదు. విషం ఎక్కిందనో, కాళ్లు పట్టేశాయనో, నిద్ర పట్టిందనో మిషన్ అక్షరాల్లో చెబుతుంది. నాకు అది అర్థం కాదు. ఆట సాగిన కొద్దీ అక్షరాలు ఎక్కువవుతాయి. అక్షరాలు వచ్చేలోపలే ఎదుటివాడి ఆరూ కింద పడాలి. నా టీము మొత్తం కొట్టేదే కావడానికి అసలు కారణం నా చదువురానితనం.

ఆరింటినీ ఎనిమిది నెలలు పెంచాను. పేర్లు నోటితోనే పెట్టుకున్నాను. నిప్పు ఊదే ముంగిస మిరపకాయ. అది ఎవరికంటే కూడా వెనక కొట్టి ఎరగదు. చిటపటమని మెరుపు విసిరే మిడత పోపు. రెండు కత్తుల చేతులున్న గొల్లభామ కత్తిపీట. నీళ్లలో సర్రున పోయే పాము పచ్చిపులుసు. గుద్దితే లేవనివ్వని ఎలుగుబంటి రోకలి. ఆరోది గుండ్రటి రాయి. చూడ్డానికి ఏమీ ఉండదు, కాని తను పేలిపోయి ఎదురున్నదాన్ని కూడా తీసుకుపోతుంది. దాని పేరు కుక్కర్. ఆరింటిలో మందు వేసేది లేదు, కాపు కాసేది లేదు. ఇంత తొందరపాటు టీము ఎవరైనా పెడతారా అని పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లలో ఇంకో ఇద్దరి దగ్గర ఈ మిషన్ ఉండేది, వాళ్లతో వైరు పెట్టి ఆడితే చాయ చల్లారేలోపు అయిపోయేది. మూడో ఆట తర్వాత ఎగతాళి మానేశారు.

చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్‌కు పోయే దారిలో మెట్లెక్కి పోయే వీడియో గేమ్స్ షాపు ఒకటి ఉండేది. టీవీలకు పెట్టి ఆడే ఆటలే అక్కడ ఎక్కువ. ఈ చేతిమిషన్లు ఉన్నవాళ్లు అటు నారాయణగూడ, ఇటు రాంనగర్ కలిపి పదిమంది ఉంటారేమో. వాళ్ల కోసం షాపాయన ఒక పోటీ పెట్టాడు. గెలిచినవాళ్ల పేరు మెట్ల పక్క గోడ మీద, సందులో పోయే ప్రతివాళ్లకూ కనబడేట్టు, తెల్ల పెయింటుతో రాయిస్తానన్నాడు. ఎవరైనా సవాలు చేసి ఓడిస్తే తప్ప ఏడాది దాకా చెరపనన్నాడు.

నాకు ఆ గోడ కావాలి. దాచేదేముంది? రోజూ సంచి పట్టుకుని ఆ గోడ పక్క నుంచే పోతాను. టమాటాలు అమ్మేవాడు, ఆకుకూరల ఆమె, మా ఇంటి ఓనరు భార్య, అందరూ అటే పోతారు. ఇదెవరిది అని ఒక్కరు అడిగితే నాది అని చెప్పాలి. అంతే నా ఆశ. నలభై ఏడేళ్ల మనిషి ఆశ పడటానికి అది చిన్నదే. కాని నాకు అప్పట్లో అంతకంటే పెద్దది ఏమీ లేదు.

పోటీ వారం రోజులుందనగా ఆ తమ్ముడు నసగడం మొదలుపెట్టాడు. అంతమంది మగపిల్లల నడుమ నువ్వెందుకక్కా అన్నాడు. నా మర్యాద గురించి అనుకున్నాను. పోటీ ఉన్న ఆదివారం పొద్దున మళ్లీ వచ్చి, అక్కడ చీటీ మీద పేరు రాసియ్యాలట, నేను రాసిస్తలే అన్నాడు.

"నా పేరు నేనే రాస్త తమ్మీ. ఐదు నెలల సంది గోడ మీద రాస్తున్నది ఎందుకు?" అన్నాను.

అతను నా ముఖం చూశాడు, గోడ చూశాడు, చెప్పులేసుకుని పోయాడు. చెప్పాలనుకుంటే చెప్పడానికి అప్పుడు కూడా సమయం ఉంది. ఆ ఉదయాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. తర్వాత జరిగినదాన్నయినా కొంత అర్థం చేసుకోగలను గాని ఆ ఉదయాన్ని కాదు.

ఆదివారం రాత్రి మెస్ ఉండదు. మధ్యాహ్నం బగారన్నం పెట్టి, గిన్నెలు బోర్లించి, ఇస్త్రీ చీర కట్టుకుని నాలుగింటికి పోయాను. మా మెస్ పిల్లలు ఐదారుగురు వెంట వచ్చారు, ఆ తమ్ముడు కూడా. పైన గదిలో ఫ్యాను కింద రెండు కుర్చీలు, నడుమ బల్ల, చుట్టూ పిల్లలు. షాపాయన పద్ధతి చెప్పాడు. అంతకుముందోసారి ఎవడో వేరేవాళ్ల క్యాసెట్ తెచ్చి గెలిచి గొడవైందట. అందుకని చీటీ మీది పేరు, మిషన్లో ఉన్న పేరు, కుర్చీలో కూర్చునే మనిషి, మూడూ ఒకటే ఉండాలన్నాడు. మంచి పద్ధతే అనుకున్నాను.

చీటీ తీసుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని, ఆరు అక్షరాలు రాశాను. ఒక్కటి కూడా వంకర పోలేదు. మిషన్‌తో కలిపి షాపాయన చేతికిచ్చాను. అతను చీటీ చూశాడు, మిషన్ చూశాడు, రెండూ కలిశాయని తలూపాడు. తర్వాత నన్ను చూసి ఆగాడు.

"అమ్మా, ఇది మొగపిల్లగాని పేరు గదా. నీదా?"

ఎవరో నవ్వారు. నాకు అర్థం కాలేదు, నాదే అన్నాను. ఆయన ఆ పేరును పైకి చదివాడు. రోజుకు రెండు పూటలా నా మెస్‌లో వినిపించే పేరే అది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ తమ్ముడు మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"ఈ పేరు ఎవలది మరి?" అని షాపాయన గదిలో అందరినీ అడిగాడు.

"నాదే అన్నా," అన్నాడు అతను. మెట్ల దగ్గర నుంచి కదిలి, "నేనే ఆడేది," అన్నాడు.

ఆ రెండో మాట అనకుండా ఉండవచ్చు. నా ముందరి నుంచే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మీరు అడుగుతారు, నోరున్నదానివి కదా, అక్కడే ఎందుకు కడిగేయలేదని. నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? మిషన్లో అతని పేరు. చీటీ మీద అతని పేరు, అదీ నా చేత్తో నేను రాసింది. ఈ అక్షరాలు నా పేరు కాదని చెప్పాలంటే, నా పేరు ఏ అక్షరాలో నాకు తెలిసి ఉండాలి. మా మెస్ పిల్లలు కూడా ఏమీ అనలేదు. గోడ మీది బొగ్గు రాత చూసి వాళ్లు ఏమనుకున్నారో ఆ మెట్ల దగ్గరే ఒకడు నా చెవిలో చెప్పాడు. అక్కకు వాడంటే తమ్ముని లెక్క ప్రేమ, అందుకే వాని పేరు రాసుకుంటుంది అనుకున్నారట. ఎవరో ఒక స్టూలు జరిపి కూర్చోమన్నారు. కూర్చున్నాను.

మొదటి రెండు ఆటలూ తొందరగానే అయ్యాయి. మిరపకాయ ముందుకు పోయి ఊదడం, పోపు చిటపటలాడడం, అంతా నేను నేర్పిన వరసే. అతను ఎన్నోసార్లు నా పక్కన కూర్చుని చూసినవాడే కదా. చివరి ఆట నారాయణగూడలో కాలేజీ చదివే ఒక కుర్రాడితో. ఆ కుర్రాడి టీము అంతా మందపు తోళ్లు. వాటిలో ఒక తాబేలు, ఎంత కొట్టినా పడదు, పడబోతే మందు వేసుకుంటుంది. మిరపకాయ పోయింది, కత్తిపీట పోయింది, పచ్చిపులుసు సగం ప్రాణంతో ఉంది. తెర మీద అక్షరాల మీద అక్షరాలు పడుతున్నాయి. అతనికి చెమటలు పట్టాయి. వెనక్కి తిరిగి నా కళ్లలోకి చూశాడు. ఆ పూట మొత్తంలో నన్ను చూసింది ఆ ఒక్కసారే.

నేను ముఖం తిప్పుకోవాల్సింది. అతను ఓడితే నాకు పోయేదేమీ లేదు, పోవాల్సింది అప్పటికే పోయింది. కాని ఆ తెర మీద పడిపోతున్నవి నావి. ఎనిమిది నెలలు నా చేతిలో పెరిగినవి. అవి ఓడిపోతుంటే నోరు మూసుకుని చూడలేకపోయాను.

"కుక్కర్‌ను పంపు," అన్నాను.

గదిలో ఎవరికీ ఆ మాట తెలియదు, అతనికి తప్ప. పంపాడు. రాయి పేలింది, తాబేలును తీసుకుపోయింది. తర్వాత పోపు మిగతావాటి పని పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పులు వెతుక్కుని మెట్లు దిగి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత గోడ మీద పెయింటు పడింది. ఆ ఆరు అక్షరాలే. చదవడం రాకపోయినా గుర్తుపట్టడానికి నాకేం ఇబ్బంది లేదు.

ఆ మధ్యాహ్నం అతను కోవా ప్యాకెట్ పట్టుకుని మెస్‌కు వచ్చాడు. అందరూ తిని పోయేదాకా ఆగి, మొదటి రోజు నీ పేరెందుకు కొట్టినవని అడిగాను. మిషన్ నాది గదా, అలవాటుల చెయ్యి పడ్డది అన్నాడు. నువ్వు సదువలేవు గదా అని ఊకున్న అన్నాడు. ఆ మాట అనేటప్పుడు గొంతులో ఎగతాళి ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. అందుకే ఎక్కువ తగిలింది.

"మరి గోడ మీద రాసుకుంటుంటె?"

"మస్తు సంబురంగ రాసుకుంటున్నవ్ అక్కా. చెప్పబుద్ధి కాలే." తర్వాత అన్నాడు, "గెల్చింది నీ టీమే గదా. పేర్ల ఏమున్నది?"

"ఏం లేకుంటె ఆడ నీది తుడిపించి నాది రాయించు."

అతను కోవా ప్యాకెట్‌కు కట్టిన దారం విప్పుతూ, మళ్లీ కడుతూ కూర్చున్నాడు. ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసి చెప్పాడట. రెండుసార్లు ఫెయిలైనాక కొడుకు దేంట్లోనో ఫస్టు వచ్చాడని వాళ్ల నాయన ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడట. గోడ చూడ్డానికి రావాలనుకుంటున్నాడట. అది అబద్ధం కాదని నాకు తెలుసు. వాళ్ల నాయన మీద నాకు జాలి కలిగింది కూడా. కాని ఒకరి నాయన సంతోషం కోసం ఇంకొకరి నాయన పెట్టిన పేరు తీసేయమంటే ఎట్లా? కోవా అట్లాగే వెనక్కి పట్టుకుపొమ్మన్నాను.

అన్నం పెట్టడం మానలేదు. మెస్ అన్నాక వేళకు వచ్చి కూర్చున్నవాడికి ప్లేటు వేయాల్సిందే, అది నా పద్ధతి. కాని అందరినీ అడిగే ఇంకొంచెం అనే మాట అతని దగ్గర నాకు రాలేదు. అతను కూడా అడిగేవాడు కాదు. అర్ధాకలితో లేచిపోతున్నాడని తెలుసు. తెలిసే చేశాను.

రోలు పక్కన గోడను నేనే కడిగాను. బొగ్గు ఒక పట్టాన పోదు. మసక మరక మిగిలింది.

ఆ వారమే నల్లకుంటలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పే క్లాసులో చేరాను. మిగతావాళ్లు అ ఆలతో మొదలుపెడితే నేను పంతులమ్మను నా పేరు రాసి చూపించమన్నాను. పలక మీద రాసింది. అది నా పేరేనని ఏమిటి నమ్మకం? పక్కనున్న ఆమెకు చూపించి చదవమన్నాను, తర్వాత ఇంటికొచ్చే దారిలో మందుల షాపాయనతో చదివించాను, తర్వాత ఓనరు భార్యతో. ముగ్గురూ ఒకే మాట చదివాక నమ్మాను. అప్పటి నుంచి ఈనాటి వరకు ఎవరైనా నాకు ఏదైనా చదివి వినిపిస్తే, ఇంకొకరితో ఒకసారి చదివిస్తాను. మొదట చదివినవాళ్లకు కోపం వస్తుంది. వస్తే రానీ.

తెలుగు అక్షరాలు పట్టుబడ్డాక ఇంగ్లీషువి కూడా కావాలన్నాను. ఇరవై ఆరేగా, ఇరవై మంది ఎవరెవరికి ఏది పడదో నోటికి పెట్టుకున్నదాన్ని నాకేం లెక్క. మూడు నెలలు పట్టింది. ఒకరోజు సంచి పట్టుకుని చిక్కడపల్లి సందులో పోతూ తలెత్తి చూస్తే గోడ మీద అక్షరాలు అక్షరాల్లాగా కనిపించాయి. ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. నా అంతట నేను చదివిన మొదటి ఇంగ్లీషు మాట అతని పేరు. టమాటాలు తీసుకోకుండానే ఇంటికొచ్చాను.

ఆ నెలలోనే అతను మళ్లీ మిషన్ తెచ్చాడు. రాంనగర్ నుంచి ఎవరో సవాలు విసిరారట, పదిహేను రోజుల్లో ఆట ఉందట. గెలిచినవాడి పేరే గోడ మీద ఉంటుందట. అతనికి పరీక్ష పని మీద ఊరికి పోవాలి, పది రోజులు ఉండడు. ఆరింటినీ ఇంకో ఐదు అంకెలు పైకి తెచ్చి పెట్టమన్నాడు.

"నువ్వు తప్ప వాటిని ఎవ్వలు పెంచలేరక్కా," అన్నాడు.

ఆ మాట నిజం. తీసుకున్నాను.

ఆ మిషన్ సంగతి ఒకటి ఉంది. ఆడేవాళ్ల పేరు ఒకసారి కొడితే ఇక మారదు. మార్చాలంటే ఆట మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొత్తది మొదలుపెట్టి దాచితే పాతది ఉండదు, అందులో పెంచిన జంతువులూ ఉండవు. రెండూ కలిపి ఉంచుకునే దారి లేదు. అతని పేరు కింద నా ఆరు జంతువులు, లేదా నా పేరు కింద ఏమీ లేదు.

మొదటి ఆరు రోజులు చెప్పినట్టే పెంచాను. నిజం చెబుతున్నాను, ఆరు రోజులూ హాయిగా ఉంది. మిరపకాయ అరుపు విని ఎన్నాళ్లయిందో. ప్రతి కొట్లాటకు ముందు ఆరు అక్షరాలు వచ్చేవి, ఇప్పుడు వాటిని చదవకుండా ఉండలేను. కళ్లు తిప్పుకునేలోపే చదివేస్తాను. చదువు రానప్పుడు ఆ తెర మీద నేనున్నాను. చదువు వచ్చాక నేను లేను. ఏడో రోజు మధ్యాహ్నం మెస్ మూశాక ఆరింటినీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. వాటి అంకెలు చూశాను. ఒక్కదాన్నీ తక్కువ పెంచలేదు.

కొత్త ఆట మొదలుపెట్టాను. పేరు అడిగింది. అక్షరాలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కదాని దగ్గరికి పోయి ఒత్తాను. రెండుసార్లు తప్పు పడితే చెరిపి మళ్లీ ఒత్తాను. తర్వాత దాచమంటే, పాతది పోతుంది సరేనా అని అడిగింది. ఆ వాక్యం మొత్తం నాకు చదవడం రాలేదు. కింద రెండు చిన్న మాటలున్నాయి, ఔను, కాదు. అవి వచ్చు. ఔను ఒత్తాను.

గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. ఆరింటికీ నేను చేసింది కూడా ద్రోహమే. అవి నన్ను నమ్ముకుని పెరిగాయని అనను, మిషన్లో బొమ్మలకు నమ్మకం ఏముంటుంది? కాని నేను వాటిని నమ్ముకున్నాను. కళ్లు తుడుచుకుని పప్పు నానబోశాను.

పదకొండో రోజు సాయంత్రం అతను ఊరి నుంచి సీదా మెస్‌కే వచ్చాడు, భుజాన సంచి ఇంకా దించలేదు. మిషన్ ఇచ్చాను. తెరిచాడు. చాలాసేపు చూశాడు. అతను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వెతుకుతుంటే నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత తెర మీది పేరును నోట్లో మెల్లగా చదువుకున్నాడు. ఆ పేరు అతని నోట రావడం అది రెండోసారి కూడా కాదు, మొదటిసారే. అప్పుడు అడిగినప్పుడు కూడా విన్నాడే గాని పలకలేదు.

"ఎనిమిది నెలల కష్టం గదక్కా," అన్నాడు.

"ఎవలది?"

మిషన్ సంచిలో పెట్టుకున్నాడు. ప్లేటు వేశాను, కూర్చోలేదు. గడప దాకా పోయి ఆగాడు.

"చెప్పి చెయ్యొచ్చు గదా అక్కా. నాకు చెప్పకుంట ఎట్ల చేస్తివి?"

గొంతు నిజంగానే బాధగా ఉంది. అంత బాధలో కూడా, తను నాకు చెప్పకుండా చేసింది అతనికి గుర్తు రాలేదు. గుర్తు చేద్దామనుకున్నాను. వరసలో ఐదుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు, అన్నం చల్లారుతోంది. గరిటె తీసుకుని మొదటివాడి దగ్గరికి పోయాను.